అసలు తరువాయి ఏది? జీటీయా, సూపరా?



ఈ నెల గోడ పత్రికలో "నా అభిప్రాయం" శీర్షికకు నన్ను రాయమన్నారు. ఎప్పుడూ పరిశుభ్రత గురించో, చెట్ల పెంపకం గురించో రాస్తాం. నేను ఈసారి ఒక బొమ్మల కథ గురించి రాస్తున్నాను. మేడమ్ గారు కోప్పడకుండా ఆఖరి వరకు చదవాలని మనవి.

సంగతి ఏంటంటే, పోయిన ఆదివారం తలలు దువ్వుకునేటప్పుడు మా రూములో పెద్ద గొడవ అయింది. డ్రాగన్ బాల్ కథకు వచ్చిన తరువాయిల్లో జీటీ మంచిదా, సూపర్ మంచిదా అని. పదో తరగతి అక్కలు "సూపరే అసలుది, జీటీ దొంగది" అన్నారు. నేను కాదన్నాను. "చిన్నదానివి, నీకేం తెలుసు" అన్నారు. అందరూ నవ్వారు. మాటల్లో నేను అక్కలతో గెలవలేను. నాకు గబగబా మాట్లాడటం రాదు. రాయటం కొంచెం వచ్చు. అందుకే రాస్తున్నాను.

నేను రెండూ చూశాను. మా అన్న టౌనులో పని చేస్తాడు. వేసవి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు సెల్లులో ఎక్కించుకుని తెచ్చాడు. మాటలు జపాన్ భాషలో ఉంటాయి, అడుగున ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. అవి ఉరుకుతూ పోతాయి. నేను ఆపి ఆపి చదివాను. తెలియని మాటలు నోట్సులో రాసుకుని, స్కూలుకు వచ్చాక డిక్షనరీలో వెతికాను. పొద్దున తునికాకు కోసి, మధ్యాహ్నం కట్టలు కట్టి, రాత్రి చూసేదాన్ని. సూపర్ పెద్దది కాబట్టి రెండు వేసవులు పట్టింది.

తెలియని చెల్లెళ్ళ కోసం కథ కొంచెం చెబుతాను. డ్రాగన్ బాల్‌ను జపాన్‌లో అకిరా తొరియామా గారు 1984 నుంచి 1995 వరకు ఒక వారపత్రికలో బొమ్మలతో గీశారు. అవన్నీ కలిపి 42 పుస్తకాలు అయ్యాయి. గోకు అనే తోక ఉన్న పిల్లవాడి కథ అది. ఏడు బంతులు ఉంటాయి. ఏడూ ఒకచోట చేరిస్తే ఒక పెద్ద పాము లాంటి డ్రాగన్ వచ్చి కోరిక తీరుస్తుంది. ఇది టీవీలో మొదట డ్రాగన్ బాల్ అని, తర్వాత డ్రాగన్ బాల్ జెడ్ అని వచ్చింది. జెడ్ అయిపోగానే 1996లో జీటీ మొదలయి 1997లో ఆగిపోయింది. అది 64 ఎపిసోడ్లు. చాలా ఏళ్ళ తర్వాత 2015లో సూపర్ మొదలయి 2018 వరకు నడిచింది. అది 131 ఎపిసోడ్లు.

ఇందులో పేర్లు భలే ఉంటాయి. గోకు పెద్దకొడుకు గోహాన్. జపాన్ భాషలో గోహాన్ అంటే అన్నం. అతని కూతురు పాన్. మనం నమిలే పాన్ కాదు, అక్కడ పాన్ అంటే రొట్టె. అన్నం కూతురు రొట్టె అన్నమాట. మన మెస్సులో అన్నం, రొట్టె పెట్టినప్పుడల్లా నాకు వీళ్ళే గుర్తొస్తారు.

ఇప్పుడు అక్కల మొదటి మాటకు జవాబు చెబుతాను. తొరియామా గారు కథ ఇచ్చింది సూపర్‌కు, జీటీ కథ వేరేవాళ్ళు రాశారు, కాబట్టి జీటీ దొంగది అన్నారు. సూపర్‌కు ఆయన కథ ఇచ్చిన మాట నిజమే. కానీ జీటీకి ఆ పేరు పెట్టింది ఆయనే. జీటీ అంటే గ్రాండ్ టూరింగ్, పెద్ద యాత్ర అని అర్థం. మొదట్లో కొందరి బొమ్మలు కూడా గీసి ఇచ్చారు. ఇంకో సంగతి. ఆయన 2024 మార్చి 1న చనిపోయారు. ఆయన కథ ఇచ్చిన డైమా అనే కొత్త భాగం అదే ఏడాది అక్టోబరులో మొదలయింది. అందులో గోకు మళ్ళీ చిన్నపిల్లవాడు అవుతాడు. ఆఖరున సూపర్ సైయన్ 4 రూపం వస్తుంది. ఈ రెండూ మొదట వచ్చింది జీటీలోనే. దొంగది అయితే దాన్ని మళ్ళీ ఎందుకు తెచ్చుకున్నారు?

అయినా మా నాయనమ్మ చెప్పే కథలు ఎవరు కట్టారో ఎవరికీ తెలీదు. ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. మా నాయనమ్మ కొంచెం మార్చి మాకు చెబుతుంది. వాటిని దొంగ కథలు అంటామా? ఎవరు రాశారన్నది కాదు, తరువాయి కథ పాత కథకు ఏం చేసింది అన్నది చూడాలని నా అభిప్రాయం.

రెండో సంగతి పాన్. జీటీ మొదట్లో పిలాఫ్ అనే వాడు పొరపాటున నోరు జారితే, నల్ల నక్షత్రాల బంతుల డ్రాగన్ గోకును చిన్నపిల్లవాడిని చేసేస్తుంది. ఆ బంతులు ఆకాశంలోని వేరే వేరే గ్రహాలకు పోతాయి. ఏడాది లోపల తేకపోతే భూమి పేలిపోతుంది. వాటిని వెతకటానికి గోకు, ట్రంక్స్, గోటెన్ పోవాలి అనుకుంటారు. గోటెన్ గోకు చిన్నకొడుకు, పాన్‌కు బాబాయి. పాన్‌ను ఎవరూ రమ్మనలేదు. ఆమె దొంగతనంగా ఓడలో ఎక్కి మీట నొక్కేసింది. గోటెన్ కిందే ఉండిపోయాడు. పాన్ పోయింది.

ఆ ఎపిసోడ్ నేను మూడుసార్లు చూశాను. మా ఇంట్లో చదువుకోవలసింది మా అన్న. అన్న ఏడో తరగతిలో మానేశాడు. తర్వాత ఈ హాస్టల్‌లో సీటు నాకు వచ్చింది. ఆడపిల్లను అంత దూరం ఎందుకని ఊళ్ళో చాలామంది అన్నారు. నేను బస్సు ఎక్కేశాను. ఆ ఎపిసోడ్ చూసేటప్పుడు అన్న నా పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆఖరున "నువ్వే గదా" అని నవ్వాడు.

అయితే నిజం కూడా రాయాలి. జీటీ పాన్‌కు చివరి దాకా న్యాయం చేయలేదు. ఆమె సూపర్ సైయన్ కాలేదు. పోను పోను కొట్లాటల్లో ఆమెను పక్కన నిలబెట్టారు. సూపర్‌లో పాన్ చంటిపిల్ల, కానీ అందులో ఆరో విశ్వం నుంచి కాలిఫ్లా, కేల్ అనే ఇద్దరు ఆడపిల్లలు వస్తారు. ఇద్దరూ సూపర్ సైయన్లు అవుతారు. గోకుతో సమానంగా కొట్లాడతారు. ఈ ఒక్క విషయంలో అక్కలదే గెలుపు. ఒప్పుకుంటున్నాను.

మూడో సంగతి కోరికలు. ఇది నాకు అన్నిటికంటే పెద్దది. పాత కథలో ఎవరైనా చచ్చిపోతే బంతులు చేర్చి బతికించుకుంటారు. ఊరు కాలిపోతే బాగుచేసుకుంటారు. ఒక్కసారి కూడా దీని లెక్క ఎవరు కడతారని అడగలేదు. జీటీ అడిగింది. జీటీ ఆఖర్లో బంతులు పగిలి ఏడు చెడ్డ డ్రాగన్లు పుడతాయి. విశ్రాంతి లేకుండా మాటిమాటికీ కోరికలు కోరినందుకు బంతుల్లో చెడు పేరుకుపోయిందట. ఒక్కో డ్రాగన్ ఒక్కో పాత కోరికకు పుట్టింది. వాటిలో ఒకటి నీళ్ళను, గాలిని విషం చేసేది. అది ఏ కోరికకు పుట్టిందో తెలుసా? బోరా అనే ఆయనను బతికించిన కోరికకు. బోరా తన కొడుకు ఉపాతో కలిసి అడవిలో ఒక పవిత్రమైన గోపురానికి కాపలా ఉండేవాడు. దుర్మార్గులు చంపేస్తే, తండ్రి లేని పిల్లవాడి కోసం గోకు కష్టపడి బంతులు చేర్చి బతికించాడు. అది చాలా మంచి కోరిక. మంచి కోరికకు కూడా విషం పుట్టింది.

ఇది అన్యాయం అని ఒక అక్క అంది. నేను చాలా ఆలోచించాను. మా తాత తేనె తీసేటప్పుడు పట్టు అంతా తీయడు. కొంత ఉంచి వస్తాడు. గడ్డలు తవ్వినా తీగ మొదలు మళ్ళీ పూడ్చి వస్తాడు. ఆకలి మంచిదే, తినటం తప్పు కాదు. కానీ అంతా తీస్తే మళ్ళీ ఏడు ఉండదు. జీటీ చెప్పింది కూడా అదే అనిపించింది.

సూపర్‌లో అయితే గ్రహాలంత పెద్ద బంతులు వస్తాయి. 48 నిమిషాల పోటీ పెడతారు. ఆ 48 నిమిషాలు అయ్యేసరికి మనకు 35 ఎపిసోడ్లు అవుతాయి! ఎనిమిది విశ్వాల నుంచి పదేసి మంది, మొత్తం 80 మంది. ఓడిన విశ్వాన్ని జీనో అనే చిన్న దేవుడు తుడిచేస్తాడు. ఆ పోటీ సంగతి జీనోకు గుర్తు చేసింది గోకే. కొట్లాట మీద సరదా కొద్దీ అడిగాడు. లెక్కలేనంత మంది మాయమయ్యారు. ఆఖరున ఒక్క కోరికతో అందరూ తిరిగి వచ్చేశారు. ఫ్రీజా లాంటి దుర్మార్గుణ్ణి కూడా బతికించేశారు. గోకుకు ఏ శిక్షా లేదు. పరీక్ష తప్పినా పై తరగతికి పంపినట్టు ఉంది.

నాలుగో సంగతి టఫల్ వాళ్ళు. జెడ్‌లోనే కొంచెం చెప్పారు. గోకు జాతి వాళ్ళు సైయన్లు. ప్లాంట్ అనే గ్రహంలో టఫల్ వాళ్ళు ఉండేవాళ్ళు. సైయన్లు వాళ్ళను చంపి గ్రహం తీసుకుని, తమ రాజు పేరు మీద వెజిటా గ్రహం అని పేరు మార్చేశారు. జెడ్‌లో ఆ మాట అలా వచ్చి అలా పోయింది. జీటీలో టఫల్ వాళ్ళు తయారుచేసిన బేబీ అనే వాడు వచ్చి, మా గ్రహం ఏదని అడుగుతాడు.

మా ఊరికి దగ్గర్లో ఒక పల్లె ఉంది. దాని పాత పేరు మా నాయనమ్మ లాంటి వాళ్ళే పలుకుతారు. బోర్డు మీద వేరే పేరు ఉంటుంది. అందుకే బేబీ అడిగినప్పుడు నాకు గోకు వైపు ఉండాలో, బేబీ వైపు ఉండాలో తెలియలేదు. బేబీ చేసింది తప్పే. ఏ పాపం తెలియని భూమి మనుషుల ఒంట్లో దూరి బానిసలను చేశాడు. కానీ అడిగిన మాట తప్పు కాదు. ఆఖరున గోకు అతణ్ణి సూర్యుడిలోకి తోసేశాడు. అడిగినదానికి జవాబు ఎవరూ చెప్పలేదు. జీటీ మీద నాకున్న పెద్ద కోపం ఇదే. అయినా అడగనైనా అడిగింది. సూపర్ అదీ అడగలేదు.

ఇప్పుడు సూపర్‌లో మంచి కూడా రాస్తాను, లేకపోతే అక్కలు ఈ కాగితం చింపేస్తారు. కొట్లాటలు సూపర్‌లోనే బాగుంటాయి. జీటీలో చాలా ఎపిసోడ్లు సాగదీసినట్టు ఉంటాయి. జీటీలో గోకు తప్ప మిగిలినవాళ్ళకు పని తక్కువ. సూపర్‌లో ముసలి గురువు కూడా పోటీలో దిగుతాడు. భవిష్యత్తు నుంచి వచ్చిన ట్రంక్స్ ఎంత పోరాడినా తన లోకాన్ని కాపాడుకోలేకపోతాడు. అక్కడ నేను ఏడ్చాను. ఇంకా నాకు బాగా నచ్చింది 17వ నంబరు. అతను ఒక దీవిలో అడవి జంతువులకు కాపలా ఉంటాడు. కొమ్ముల కోసం వేటాడే దొంగలను తరుముతాడు. పోటీలో గోకు కాదు, అతనే ఆఖరున మిగులుతాడు. గెలిస్తే ఓడ కోరుకుంటానన్నవాడు, తనకేమీ అడగకుండా తుడిచేసిన విశ్వాలన్నీ తిరిగి రావాలని కోరాడు. తనకోసం కోరుకుని ఉంటే అందరినీ తుడిచేసేవాళ్ళట. ఒక్క అడవి కాపలావాడి వల్ల అందరూ బతికారు.

ఇక ముగింపు. సూపర్ కథ జెడ్ చివరి భాగానికి ముందు జరుగుతుంది. జెడ్ ఆఖరున అందరూ బాగానే ఉన్నారని మనం ముందే చూశాం. అందుకే ఎంత ప్రమాదం వచ్చినా నాకు భయం వేయలేదు. జీటీలో ఏమవుతుందో తెలీదు. పికోలో భూమితో పాటు చనిపోతాడు, తాను పోతేనే ఆ నల్ల నక్షత్రాల బంతులు పోతాయని. ఆఖరున గోకు డ్రాగన్ మీద ఎక్కి వెళ్ళిపోతాడు. నూరేళ్ళు గడుస్తాయి. పాన్ ముసలమ్మ అయి, తన మనవడు పోటీలో ఆడుతుంటే చూస్తుంది. వద్దన్నా ఓడ ఎక్కిన పిల్లే ఆఖరుకు కథ చెప్పగలిగిన పెద్దమ్మ అయింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. చూడటానికి సూపర్ బాగుంటుంది. తరువాయి అనే పేరుకు తగినది జీటీ. పెద్దవాళ్ళు చేసినదాని లెక్క తర్వాత వచ్చినవాళ్ళు చూసుకోవాలి. మా ఇంట్లో నా తర్వాత చదివేవాళ్ళు కూడా నన్ను అడుగుతారు, నువ్వు చదివి ఏం చేశావని. ఆ జవాబు ఇప్పటినుంచే తయారు చేసుకోవాలి.

అక్కలు ఒప్పుకోకపోతే వచ్చే నెల ఇదే గోడ మీద జవాబు రాయాలని కోరుతున్నాను. నోటితో కాకుండా రాతతో. వార్డెన్ మేడమ్ గారు ఒక ఆదివారం టీవీ గంటలో రెండింటి నుంచి ఒక్కో ఎపిసోడ్ చూపిస్తే అందరూ ఓటు వేయవచ్చు. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని