మంచుకి గీత వుంటుందా?



ఈసారి గోడ పత్రికలో నేను బొమ్మల గురించి రాస్తున్నాను. నీటి రంగులతో బొమ్మ వేసేటప్పుడు రంగుని చివరిదాకా మనమే పట్టి వుంచాలా, కొంచెం నీళ్ళకి వదిలెయ్యాలా? వదిలెయ్యాలి అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

బొమ్మల పోటీ అంటే మనమందరం ఒకటే బొమ్మ వేస్తాం. స్కేలు పెట్టి రెండు త్రికోణం కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన కొబ్బరి చెట్టు. మనం రోజూ చూసేవి సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి పాకిన మిరియం తీగలు, కింద కాఫీ మొక్కలు. అయినా కొబ్బరి చెట్టే వేస్తాం. పెన్సిలు గీత లోపల రంగు నింపుతాం. గీత దాటితే మార్కు తగ్గుతుందని భయం.

నవంబరు నెలలో తెల్లవారి లేచి బయటికి చూడండి. మన అరకు లోయ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో వుంది. రాత్రి చల్లగాలి కొండల మీద నుంచి లోయలోకి దిగుతుంది. మంచు కడుతుంది. పొద్దెక్కేదాకా కదలదు. అప్పుడు కొండ ఎక్కడ అయిపోయిందో, మంచు ఎక్కడ మొదలైందో ఎవరైనా చెప్పగలరా? వలిసె పూల పసుపు కూడా సగమే కనిపిస్తుంది. గీత లేనిదానికి గీత గీస్తే అది మన కొండ అవ్వదు.

పోయిన ఏడాది నేను ఆ మంచు బొమ్మ వేద్దామని కూర్చున్నాను. కొండకి నీలం వేశాను. ఆరకముందే కింద వలిసె చేనుకి పసుపు పెట్టాను. రెండూ కలిసి పచ్చగా పారిపోయాయి. ఆపుదామని బ్రష్షుతో రుద్దాను. ఇంకా నీళ్ళు పెట్టి ఇంకా రుద్దాను. రంగు బురదలాగ అయింది. కాగితం పొర లేచి చిల్లు పడింది. నా దగ్గర వున్నది ఆ ఒక్క షీటే. ఏడుపొచ్చింది.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే అమ్మ గోడకి ఎర్రమట్టి అలుకుతోంది. ఒక చోట మచ్చలాగ కనిపించిందని నేను చెయ్యి పెట్టబోయాను. అమ్మ కోప్పడింది. "తడి మీద ముట్టుకోకే. ఆరనీ. ఆరితే అదే కలిసిపోతాది" అంది. సాయంత్రానికి గోడంతా ఒకే రంగు అయింది. మా అమ్మ బడికి వెళ్ళలేదు, రంగుల పెట్టె చూడలేదు. కాని నాకు చిల్లు పడిన కాగితం గుర్తొచ్చింది. నీళ్ళు తప్పు చెయ్యలేదు. నేనే ఆగలేదు.

తర్వాత మళ్ళీ ప్రయత్నించాను. షీటుని పరీక్ష అట్టకి బిగించి, ముందు మంచినీళ్ళతో తడిపాను. పైన మాత్రమే నీలం పెట్టి, అట్టని కొంచెం వాల్చి, చెయ్యి తీసేశాను. రంగు మెల్లగా కిందికి దిగి దానంతట అదే లేతబడింది. మంచు వుండేచోట ఏ రంగూ వెయ్యలేదు. నీటి రంగుల్లో తెలుపు అంటే కాగితమే కదా! ఆ బొమ్మలో అన్నిటికంటే బాగున్నది నేను వెయ్యని చోటే.

వదిలెయ్యడం అంటే అజాగ్రత్త కాదు. కాగితం ఎంత తడి వుండాలి, రంగు ఎంత చిక్కగా వుండాలి, అట్ట ఎంత వాల్చాలి, ఇవి మనమే చూసుకోవాలి. ఆరితే రంగు లేతవుతుంది కాబట్టి ముందే కొంచెం చిక్కగా కలపాలి. సగం ఆరిన రంగు మీద నీటి చుక్క పడితే అది రంగుని పక్కకి తోసి పువ్వులాంటి మరక చేస్తుంది. వానాకాలంలో మన దగ్గర కాగితం ఆరడానికి చాలాసేపు పడుతుంది. అందాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. చోడి విత్తనం చల్లేదాకానే మన పని, మొలక కోసం రోజూ మట్టి తవ్వి చూడం కదా.

పెద్ద చిత్రకారులు కూడా నీళ్ళని నమ్మారు. 1903లో జపాన్ నుంచి యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే ఇద్దరు చిత్రకారులు కలకత్తా వచ్చారు. వాళ్ళ పని చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ ఒక కొత్త పద్ధతి పట్టారు. వేసిన బొమ్మని కాగితంతో సహా నీళ్ళల్లో ముంచి, తీసి, మళ్ళీ రంగు వేసేవారు! మనమైతే ఒక్క చుక్క పడితేనే అరుస్తాం. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ ఛటర్జీ మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ నేర్పారు. అడవి బాపిరాజు గారు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఇంటిపేరులోనే అడవి వున్నాయన మనకి దూరమా?

గీతే వద్దా అని కొందరు అడగవచ్చు. గీత చెడ్డది అని నేను అనడం లేదు. సవరవాళ్ళు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలకి గీతే ప్రాణం. సైన్సులో గుండె బొమ్మకి, సోషల్‌లో మ్యాపుకి గీత కావాలి. మంచుకి, వానకి, పొగకి మాత్రం అక్కర్లేదు.

ఇప్పుడొక విషయం ఒప్పుకోవాలి. ఆరో తరగతికి కొత్తగా వచ్చిన ఒక చెల్లి వాన బొమ్మ వేసింది. రంగులన్నీ కిందికి కారాయి. బొమ్మల గ్రూపు లీడర్ని నేనే. "ఏంటిది, మురికి చేశావు" అని అందరి ముందు అన్నాను. అప్పటినుంచి ఆ చెల్లి స్కేలు లేకుండా బొమ్మ వెయ్యలేదు. ఇప్పుడు తలుచుకుంటే అది అచ్చం మన వానే. చెల్లీ, తప్పు నాది.

మనలో చాలామంది ఇళ్ళల్లో మొదట బడికి వచ్చింది మనమే. తెలుగు తప్పు పోతే నవ్వుతారని క్లాసులో నోరు తెరవం. రబ్బరుతో చెరిపి చెరిపి నోటుబుక్కు చింపుకుంటాం. బొమ్మ దగ్గర కూడా అదే భయమైతే ఇంకెక్కడ ధైర్యం నేర్చుకుంటాం?

అందుకని నా కోరికలు ఇవి. బాలల దినోత్సవం పోటీలో ఒక బొమ్మ పెన్సిలు లేకుండా వెయ్యనివ్వాలి. పాత చార్టుల వెనకవైపు అందరికీ ఇచ్చి ముందు పాడుచెయ్యనివ్వాలి. పాడైన బొమ్మలకి ఈ గోడ మీదే ఒక మూల ఇవ్వాలి. ఆ మూలలో మొదట నా చిల్లు కాగితం అంటిస్తాను. దాని పక్కన ఆ చెల్లి వాన బొమ్మ వుండాలని నా ఆశ.

మీరేమంటారో వచ్చే సంచికకి రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని