పటములో తల్లి యేది?



మా ఉయ్యూరులో మాఘమాసమున వీరమ్మతల్లి తిరునాళ్లు 15 దినములు జరుగును. చుట్టములు వచ్చిన ప్రతి యింటను ఫోనుతో పటములు తీసికొందురు. పిదప చూడగా అత్తగారు, మఱదులు, తోడికోడండ్రు, పిల్లలు అందఱు నుందురు. పటము తీసిన యిల్లాలు మాత్రము కానరాదు. వంటపని వలెనే యీ పనియు నామెదే యగుచున్నది. 20 ఏండ్లకు పిల్లలు ఆ పటములలో అమ్మను వెదకినచో నేమి చూపగలము? కావున దూరమునుండి మీట నొక్కు మార్గముల నీ మాసము విన్నవించుచున్నాము.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1839లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణమున రాబర్టు కార్నీలియసు తన పటమును తానే తీసికొనెను. కటకపు మూత తీసి, తానే వచ్చి యెదుట కదలక యుండెనని చెప్పుదురు. పిమ్మట రబ్బరు బుడ్డి వచ్చెను. దానిని నొక్కిన గాలి గొట్టము వెంట పోయి షట్టరును, అనగా కటకపు తలుపును, తెఱచును. ఆపైని సైకిలు బ్రేకు తీగెను బోలిన తీగెయు, గడియారము వలె నడచు మీటయు వచ్చెను.

మన దేశమున ఘోషా స్త్రీల కొఱకు రాజా దీనదయాళుగారు 1892లో హైదరాబాదున జనానా స్టూడియో నెలకొల్పి, పటములు తీయుటకు స్త్రీనే నియమించిరి. నేడు మన పటము మనము తీసికొనుటకు వేఱొకరితో పనియే లేదు.

ఫోనును కదలకుండ గోడకో బిందెకో ఆనించి, కెమేరాలో గడియారపు గుర్తును తాకి 10 సెకండ్లు పెట్టుడు. వచ్చి నిలుచుటకు వ్యవధి చాలును. పెక్కు ఫోనులలో చెవితీగె మీది శబ్దము హెచ్చించు మీటయు షట్టరుగా పని చేయును. బ్లూటూతు మీట సుమారు 30 అడుగుల దూరమునుండి పలుకును. కొన్ని ఫోనులు అఱచేయి చూపినను పటము తీయును.

ఒంటరి పటమునకును నిది యుపకరించును. దీపావళి ప్రమిదల వెలుగు చాలనందున షట్టరు ఎక్కువసేపు తెఱచియుండును; అప్పుడు వ్రేలు తగిలి కెమేరా కదలినచో దీపము గీతగా చెదరును. కొద్ది సెకండ్ల వ్యవధి పెట్టి చేయి తీసినచో జ్యోతి నిలుకడగా వచ్చును.

బ్లూటూతు మీట పిడికిట దాగునంత చిన్నది. దానిని ఇంటి తల్లి చేతికే యిండు. ఆమె చెంగున చేతులు తుడుచుకొని, నడుమ వచ్చి నిలిచి, తన కిష్టమైన క్షణమున తానే నొక్కుకొనును.