నీళ్ల మీద ఫామ్‌హౌస్

హైదరాబాద్ నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల వెళ్లే దారిలో ఫామ్‌హౌస్‌లకు కొదవలేదు. మామిడి చెట్లు, పచ్చిక, మధ్యలో ఓ చిన్న ఇల్లు. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం రాత్రికి వెళ్లిపోవడం. బోరు వేస్తే నీళ్లు, స్తంభం నుంచి తీగ లాగితే కరెంటు. గ్యాస్ అయిపోతే ఊళ్లోకెళ్లి తెచ్చుకోవచ్చు.

అదే ఇంటిని బంగాళాఖాతం నడిమధ్యన తేలేలా కడితే? బోరు లేదు, స్తంభం లేదు, ఊరూ లేదు. ఉన్నదల్లా ఎండ. వంట, దీపాలు, తాగునీరు, ప్రయాణం... అన్నీ దానితోనే గడవాలి. సాధ్యమేనా? తొందర లేకపోతే సాధ్యమే!

ఎండకో పద్దు

సోలార్ ప్యానెల్ ఒక చదరపు మీటరుంటే, మంచి ఎండలో రోజుకు దాదాపు ఒక యూనిట్ కరెంటు ఇస్తుంది. 12 మీటర్ల పొడవున్న పడవ ఇంటి పైకప్పు మీద 40 చదరపు మీటర్లు పరచవచ్చనుకుందాం. మబ్బులు, నీడ, ఉప్పు పొర వల్ల తగ్గేది పోగా 30 యూనిట్లు వస్తాయి. ఫ్రిజ్, పొయ్యి, దీపాలు, నీటి యంత్రం కలిపి 8 యూనిట్లు. మిగిలిన 22 యూనిట్లను రేయింబవళ్లకు పంచితే మోటారుకు దక్కేది కిలోవాట్ కన్నా తక్కువే. చేవెళ్ల రైతు బావి దగ్గరుండే 5 హార్స్‌పవర్ మోటారులో నాలుగో వంతు!

అంత చిన్న మోటారు ఇంటిని కదిలిస్తుందా? కదిలిస్తుంది. పొడుగ్గా, సన్నగా ఉన్న రెండు తేలికపాటి పడవలను పక్కపక్కన పెట్టి, వాటి మీద ఇల్లు కడితే నీరు పెద్దగా అడ్డుకోదు. సముద్రం ప్రశాంతంగా ఉంటే గంటకు 5 కిలోమీటర్లు పోవచ్చు. మనిషి నడకంత వేగం. అయితే రాత్రి కూడా ఆగదు కాబట్టి రోజుకు 120 కిలోమీటర్లు. విశాఖ నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న పోర్ట్‌బ్లెయిర్‌కు పది రోజులు.

ఇంకాస్త వేగంగా పోకూడదా? అక్కడే ఉంది చిక్కు. వేగం రెట్టింపు కావాలంటే కరెంటు దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. సముద్రంలో తొందర చాలా ఖరీదు.

నిదానమే ప్రధానం

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2010 సెప్టెంబరులో మొనాకో నుంచి బయల్దేరిన ‘టూరనార్ ప్లానెట్‌సోలార్’ అనే 31 మీటర్ల పడవ, 537 చదరపు మీటర్ల ప్యానెళ్లతో భూగోళాన్ని చుట్టి 2012 మే 4న అక్కడికే చేరింది. పట్టింది 584 రోజులు. ఎండ బాగా దొరకాలని వీలైనంత వరకు భూమధ్యరేఖకు దగ్గరగా సాగింది.

సముద్రాన్నే ఇల్లు చేసుకున్న అనుభవం మన అమ్మాయిలకూ ఉంది. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరిన నౌకాదళ తెరచాప పడవ ‘తారిణి’లో విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఆరుగురు మహిళలు, 17 మీటర్ల పడవ, 254 రోజులు. వాళ్లను నడిపింది గాలి.

అసలు భయం తుపాను. అది గంటకు 15, 20 కిలోమీటర్లు కదులుతుంటే 5 కిలోమీటర్ల ఇల్లు దాన్నుంచి పారిపోలేదు. కాబట్టి బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా వచ్చే ఏప్రిల్-మే, అక్టోబరు-డిసెంబరు నెలల్లో రేవులో ఉండాలి. లేదంటే అవి అరుదుగా పుట్టే భూమధ్యరేఖ చేరువకు ముందే చేరుకోవాలి. నిదానంగా పోయేవాడికి ముందుచూపే ఇంజిన్.

నీటికీ లెక్కుంది

ఉప్పునీటిని మంచినీరు చేసే చిన్న యంత్రం యూనిట్‌కు 100 నుంచి 200 లీటర్లు ఇస్తుంది. మన నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఉండాలంటారు. పడవలో నలుగురికి అదే లెక్కన ఇస్తే నీళ్లకే 3 నుంచి 5 యూనిట్లు పోతాయి. మనిషికి 30 లీటర్లతో సర్దుకుంటే ఒక యూనిట్ సరిపోతుంది. వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో కూడా చూసుకోవాలి. చుట్టూ ఉన్న నీళ్లనే మళ్లీ తాగాలి కదా!

ఈ చివరి మాట మొయినాబాద్‌కూ వర్తిస్తుంది. ఈ ఊరికి ఒక పక్క గండిపేట, మరో పక్క హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జంట జలాశయాలివి. వాటి ఎగువనున్న 84 గ్రామాల్లో నిర్మాణాలపై 1996లో 111 జీవో ఆంక్షలు పెట్టింది. 2022లో వాటిని తొలగిస్తూ 69 జీవో వచ్చింది. జీవోలు ఎలా మారినా వాన నీరు పారే దారి మారదు. ఫామ్‌హౌస్ సెప్టిక్ ట్యాంకు పొంగితే అది వెళ్లేది కూడా ఆ పల్లానికే. పడవలో ఉన్నవాడికి ఆ సంగతి మొదటి రోజే తెలుస్తుంది. నేల మీద ఉన్నవాడికి తెలిసేసరికి చెరువు రంగు మారిపోతుంది.