మార్కులకు బహుమతిగా లెన్సులా? ముందు డబ్బా సంగతి చూడండి

పదో తరగతిలో మంచి మార్కులొస్తే కాంటాక్ట్ లెన్సులు కొనిస్తామని పిల్లలకు మాటిచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ లెన్సులు ఇవ్వాల్సింది మార్కులు చూసి కాదు, అలవాట్లు చూసి అని నా అభిప్రాయం.

రాత్రిపూట లెన్సులు ఉంచే చిన్న డబ్బానే చూడండి. నీళ్ల డ్రమ్మును కొన్నాళ్లు కడగకపోతే లోపలి గోడ చేతికి జారుడుగా తగులుతుంది. అలాంటి పాకుడు పొరే లెన్స్ డబ్బాలోనూ ఏర్పడుతుంది. కాకపోతే కంటికి కనిపించదు. సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా ఆ పొరలో దాక్కుంటే సొల్యూషన్ కూడా వాటిని పూర్తిగా చంపలేదు. అవి లెన్సు ద్వారా కంటికి చేరి కార్నియాపై పుండు పడితే, అది మానినా మచ్చ మిగిలి చూపు తగ్గవచ్చు.

పాత సొల్యూషన్ పారబోయకుండా దానిపైనే కొత్తది కాస్త పోయడం చాలామందికి అలవాటు. విరిగిన పాలలో కొత్త పాలు ఎవరైనా పోస్తారా? 2006లో అమెరికా, సింగపూర్, హాంకాంగ్‌లలో లెన్సులు వాడేవారికి ఫ్యుసేరియం అనే ఫంగస్ సోకింది. ఒక కంపెనీ తన సొల్యూషన్‌ను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అయితే ఆ సొల్యూషన్ వాడినవారిలోనూ, పాతదానిపై కొత్తది పోసుకున్నవారికే ముప్పు ఎక్కువని అమెరికాలో జరిగిన పరిశీలనలో తేలింది.

చేయాల్సింది కష్టమేమీ కాదు. చేతులు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి. ఉదయం లెన్సులు పెట్టుకోగానే డబ్బా ఖాళీ చేసి, కొత్త సొల్యూషన్‌తో రుద్ది కడిగి, శుభ్రమైన టిష్యూపై బోర్లించి ఆరబెట్టాలి. మూడు నెలలకోసారి డబ్బా మార్చాలి. కుళాయి, బోరు, ఆర్వో, ఏ నీళ్లూ లెన్సుకు గానీ డబ్బాకు గానీ తగలకూడదు. నీళ్లలో అకాంతమీబా అనే మొండి సూక్ష్మజీవి ఉండవచ్చు. లెన్సులతో నిద్రపోకూడదు.

కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే వెంటనే లెన్సు తీసేసి, అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించండి. మెడికల్ షాపులో చుక్కల మందు కొని వేయకండి.

బాధ్యత ఇంటితోనే ఆగిపోదు. హాస్టల్ వాష్‌బేసిన్ దగ్గర ఎప్పుడూ సబ్బు ఉండాలి. స్టడీ అవర్ ముగిశాక లెన్సులు తీసుకోవడానికి పిల్లలకు పది నిమిషాలు దొరకాలి. వార్షికోత్సవంలో డ్యాన్సు కోసం కళ్లద్దాలు తీసేయమని చెప్పడం మనం మానాలి. ఏ రోజుకారోజు పారేసే లెన్సులకు డబ్బా అక్కర్లేదు. ఖర్చు ఎక్కువైనా హాస్టల్ పిల్లల కోసం వాటి గురించి డాక్టర్‌ను అడగండి.

ఇంతకీ మీ అబ్బాయి, అమ్మాయి లెన్సులకు సిద్ధమేనా? ఒక నెల గమనించండి. తమ టిఫిన్ బాక్సు, వాటర్ బాటిల్ ఎవరూ చెప్పకుండానే రోజూ కడుక్కుంటుంటే నిశ్చింతగా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. లేదంటే మరికొన్నాళ్లు కళ్లద్దాలే మేలు.