మందుకు లొంగని పురుగు, మాటకు కదలని సర్కారు

జ్వరమొస్తే నాలుగు బిళ్లలు, కడుపు కదిలితే రెండు బిళ్లలు. చీటీ అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు. తిరుపతిలోనైనా, మదనపల్లెలోనైనా, కుప్పంలోనైనా మందుల షాపే మన పేదోడి ఆస్పత్రి. దాని ఫలితం ఇప్పుడు మన పేగుల్లో కాపురం పెట్టింది.

ఈ.కోలై, క్లెబ్సియెల్లా బ్యాక్టీరియాలు పేగుల్లో మామూలుగా ఉండేవే. అక్కడున్నంతకాలం హాని తక్కువ. అవే మూత్రనాళంలోకో, ఆపరేషన్ గాయంలోకో, నెత్తురులోకో చేరితే ప్రాణం మీదికొస్తుంది. యాంటీబయాటిక్ అడ్డదిడ్డంగా వాడితే లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఆ మొండితనాన్ని జన్యువుల రూపంలో పక్క బ్యాక్టీరియాకూ పంచుతాయి. రోగి ఒంట్లోంచి మురుక్కాలవకు, అక్కణ్నుంచి తాగే నీళ్లకు, మళ్లీ ఇంకొకరి కడుపుకు... ఇదీ వాటి దారి.

ఇది ఊహ కాదు. స్వీడన్‌లోని ఉప్సలా పరిశోధకులు విదేశాలకు వెళ్లొచ్చిన వందమందిని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. 24 మంది కడుపులో కొత్తగా మొండి ఈ.కోలై చేరింది. ఇండియాకు వచ్చిపోయినవాళ్లు ఎనిమిది మందైతే అందులో ఏడుగురు మోసుకుపోయారు. కొన్నాళ్లు ఉండిపోయినోళ్ల గతే ఇదైతే, పుట్టినప్పట్నుంచీ ఈ నీళ్లే తాగుతున్న మన గతేమిటి?

అదే ఏడాది లాన్సెట్ పత్రికల్లో ఎన్‌డీఎం-1 సంగతి వచ్చింది. కార్బాపెనెమ్ లాంటి పెద్ద మందులను సైతం పనికిరాకుండా చేసే ఎంజైమ్ అది. ఆ నమూనాలు దొరికిన ఊళ్లలో చెన్నై ఒకటి. మనకెంత దూరం? ఢిల్లీ సర్కారేమో దానికి న్యూఢిల్లీ పేరెందుకు పెట్టారని అలిగింది. 2011లో అదే ఢిల్లీలో తాగునీటి నమూనాలు 50 పరీక్షిస్తే రెండింటిలో ఆ జన్యువు దొరికింది. పేరు మీద చూపిన రోషం నీళ్ల మీద చూపిస్తే ఎంత బాగుండేది!

చట్టం లేదా అంటే ఉంది. షెడ్యూల్ హెచ్1 కింద 2014 మార్చి నుంచి 24 యాంటీబయాటిక్స్ అమ్మకాన్ని షాపువాడు వేరే రిజిస్టర్లో రాయాలి, మూడేళ్లు దాచాలి. పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకూడదని 2019లో కేంద్రం నిషేధించింది. కోళ్లఫారాలున్న చిత్తూరుకు ఇది చిన్న సంగతేం కాదు. కేరళ 2018లోనే సొంత ప్రణాళిక తెచ్చుకుంది, ఏ బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతోందో లెక్క బయటపెడుతోంది.

మన అధికారులు మాత్రం ఆర్‌ఎంపీలను తిట్టి చేతులు దులుపుకుంటారు. పీహెచ్‌సీలో డాక్టరుంటే ఆర్‌ఎంపీ దగ్గరికి ఎవరు పోతారయ్యా? కల్చర్ పరీక్షకు రెండు మూడు రోజులు పడుతుంది. కూలి పోగొట్టుకుని అన్నాళ్లు ఎవడు ఆగుతాడు? ల్యాబు దగ్గర్లో లేకపోతే పెద్ద డాక్టరైనా గుడ్డిగా పెద్ద మందే రాస్తాడు.

1937 శ్రీబాగ్ ఒప్పందం కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో సీమకు, నెల్లూరుకు ముందు హక్కు అంది. ఆ నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. 2021 ఏప్రిల్‌లో గోరకల్లు, ఆదోనిల్లో జనం అతిసారంతో ప్రాణాలు పోగొట్టుకున్నారు. విభజన తర్వాత వచ్చిన ఎయిమ్స్ మంగళగిరికి పోయింది. చిత్తూరు రోగి ఇప్పటికీ వేలూరు బస్సెక్కుతున్నాడు. మనకు చేతకాక కాదు. రుయా ఉంది, 1993 నుంచి స్విమ్స్ ఉంది. 2020లో రాష్ట్రంలో కొవిడ్ పరీక్షలు మొదట మొదలైన ల్యాబుల్లో స్విమ్స్ ఒకటి. తలుచుకుంటే అవుతుందని తేలింది కదా.

ప్రత్యేక సీమ వచ్చేదాకా ఆగమని బ్యాక్టీరియాకు చెప్పలేం. సీమలోని ప్రతి జిల్లా, ఏరియా ఆస్పత్రిలో కల్చర్ పరీక్ష ఉచితంగా చేయాలి. మందులు లొంగే లొంగని లెక్క ఏటా తెలుగులో ప్రకటించాలి. విద్యార్థులు హాస్టల్ ట్యాంకు ఎప్పుడు కడిగారో, నీళ్లు ఎప్పుడు పరీక్షించారో వార్డెన్‌ను అడగాలి. ఉద్యోగ మిత్రులకు దరఖాస్తు రాయడం ఎవరూ నేర్పక్కర్లేదు. గత ఏడాది తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఎన్ని షాపుల హెచ్1 రిజిస్టర్లు తనిఖీ చేశారో చెప్పమని ఔషధ నియంత్రణ శాఖకు సమాచార హక్కు కింద ఈ వారమే ఒక కాగితం పెట్టండి. ఖర్చు పది రూపాయలు.