నాలుగో పుస్తకంలో లియాకి ఏమిచ్చారు?



ఈ నెల నేను 'ట్వైలైట్' పుస్తకాల గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. లైబ్రరీ బీరువాలో కింది అరలో నల్ల అట్టలతో నాలుగు లావు పుస్తకాలు ఉన్నాయి కదా, అవే. మొదటి దాని మీద రెండు చేతుల్లో ఎర్ర యాపిల్ పండు ఉంటుంది. మన ఇంగ్లీషు టీచర్ గారు రాత్రి స్టడీ అవర్ అయ్యాక రోజుకి కొంచెం చదివి తెలుగులో చెప్పారు. కొన్ని పేజీలు నేను డిక్షనరీ పెట్టుకుని మళ్ళీ చదివాను. నాలుగూ అయిపోయిన దగ్గర్నుంచి మన డార్మెటరీలో రెండు పార్టీలు అయ్యాయి. ఒక పార్టీ వాళ్ళు "నాలుగోదే బాగుంది, చివరికి అందరూ సుఖంగా ఉన్నారు" అంటున్నారు. నేను రెండో పార్టీ. మొదటి రెండూ బాగున్నాయి, మూడోది సాగదీశారు, నాలుగోది పాడు చేశారు అని నా అభిప్రాయం. ఊరికే అనటం లేదు, కారణాలు చెబుతాను.

కథ వినని చిన్న తరగతుల చెల్లెళ్ళ కోసం ముందు నాలుగు మాటలు. ఇది అమెరికా కథ. రాసినామె పేరు స్టెఫనీ మేయర్. మొదటి పుస్తకం 2005 లో వచ్చింది, తర్వాత ఏడాదికొకటి చొప్పున 2008 వరకు నాలుగు వచ్చాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఫోర్క్స్ అని ఒక ఊరు ఉంది. మన శ్రావణ మాసంలాగా ఎప్పుడూ వానే. అక్కడికి బెల్లా అనే 17 ఏళ్ళ అమ్మాయి వాళ్ళ నాన్న దగ్గరికి వస్తుంది. ఆయన పోలీసు. స్కూల్లో ఎడ్వర్డ్ అనే అబ్బాయిని ఇష్టపడుతుంది. అతను మనిషి కాదు, నెత్తురు తాగి బతికే వ్యాంపైర్. వాళ్ళ ఇంట్లో వాళ్ళందరూ అంతే, కానీ మనుషుల జోలికి పోకుండా అడవి జంతువుల నెత్తురు తాగుతారు. పక్కనే సముద్రం ఒడ్డున లా పుష్ అనే ఊళ్ళో క్విల్యూట్ అనే ఆదివాసీలు ఉంటారు. ఆ కుర్రాళ్ళలో కొందరు తోడేళ్ళుగా మారి వ్యాంపైర్ల నుంచి జనాన్ని కాపాడతారు. వాళ్ళలో జేకబ్ అనే అతనికి కూడా బెల్లా అంటే ఇష్టం. కథ అంతా ఈ ముగ్గురి చుట్టూ తిరుగుతుంది.

మొదటి పుస్తకం ఎందుకు బాగుందంటే అందులో ప్రతిదానికీ ఖరీదు ఉంది. ఎడ్వర్డ్ పక్కన కూర్చుంటేనే ప్రాణానికి ప్రమాదం. చివరికి బెల్లా కాలు విరిగి ఆస్పత్రిలో పడుతుంది. రెండో పుస్తకంలో ఎడ్వర్డ్ ఆమెను వదిలి వెళ్ళిపోతాడు. అప్పుడు రచయిత్రి ఏం చేసిందో గుర్తుందా? అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అని పేజీకి ఒక నెల పేరు మాత్రం రాసి మిగతా అంతా ఖాళీ వదిలేసింది. టీచర్ గారు ఆ పేజీలు తిప్పి చూపిస్తుంటే ఎవ్వరం మాట్లాడలేదు. ఒక్క వాక్యం లేకుండా దుఃఖం చెప్పింది. అలా రాయగలిగిన ఆమె తర్వాత ఇలా ఎందుకు రాసింది అని నా బాధ.

మూడో పుస్తకంలో బెల్లా ఎడ్వర్డా, జేకబా అని ఒకే చోట తిరుగుతూ ఉంటుంది, గానుగెద్దులాగ. అడిగిన మాటే అడుగుతారు, అలిగిన వాళ్ళే మళ్ళీ అలుగుతారు. సగం పేజీలు తీసేసినా కథ పోదు. అందులో నాకు నచ్చింది ఒక్క నెగడు దగ్గరి రాత్రి. క్విల్యూట్ పెద్దలు మంట చుట్టూ కూర్చుని తమ పూర్వీకుల కథ చెబుతారు. ఒక నాయకుడి మూడో భార్య తన గుండెలో తానే కత్తి పొడుచుకుని, ఆ నెత్తురు వాసనకి వ్యాంపైర్ దృష్టి మళ్ళించి, తెగనంతా కాపాడుతుంది. కానీ ఆమెకు పేరు లేదు! నాయకుడికి పేరుంది, ఆమె మాత్రం "మూడో భార్య". తెగని కాపాడిన మనిషికి ఒక పేరు పెట్టటానికి ఏమైంది?

ఇప్పుడు నాలుగోది. మూడు పుస్తకాల పాటు మనకి ఏం చెప్పారు? వ్యాంపైర్ అయితే మొదట్లో దాహం ఆపుకోలేరు, కన్నవాళ్ళని కూడా దగ్గరికి రానివ్వలేరు, నాన్నని శాశ్వతంగా వదులుకోవాలి, పిల్లలు పుట్టరు, జేకబ్ మనసు విరిగిపోతుంది అని చెప్పారు. సంతలో షావుకారు చిట్టీ రాసినట్టు ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చారు. చిట్టీ పెరిగేకొద్దీ మనకి భయం, ఆసక్తి పెరిగాయి. నాలుగో పుస్తకంలో ఏం చేశారు? చిట్టీ చింపేశారు. బెల్లా వ్యాంపైర్ అయిన మొదటి రోజే మనుషుల వాసన తగిలినా తమాయించుకుంటుంది. నాన్న ఎప్పట్లాగే ఇంటికి వచ్చిపోతుంటాడు. బిడ్డ పుడుతుంది. జేకబ్ బాధ కూడా తీరిపోతుంది. ఇటలీ నుంచి వ్యాంపైర్ల పెద్దలు సైన్యంతో వస్తారు, ఇప్పుడు యుద్ధం అనుకుంటే మాట్లాడుకుని వెళ్ళిపోతారు. ఇరీనా అనే ఒకామె తప్ప ఎవరికీ ఏమీ కాదు.

"కాన్పులో బెల్లా ఎంత కష్టపడింది, అది ఖరీదు కాదా?" అని మొదటి పార్టీ వాళ్ళు అడుగుతున్నారు. పడింది, నిజమే. ఆ పేజీలు వింటుంటే నాకు కూడా కడుపులో తిప్పింది. కానీ కొన్ని రోజుల్లో లేచి కూర్చుని ముందుకంటే అందంగా, బలంగా అయిపోయింది. అదే పుస్తకం చివర హుయిలెన్ అనే ఆమె వస్తుంది. ఆమె దక్షిణ అమెరికాలో మపూచే అనే ఆదివాసీ జాతి మనిషి. ఆమె చెల్లెలు పిరే కూడా బెల్లాలాగే వ్యాంపైర్ బిడ్డని మోసి, ఆ కాన్పులోనే చనిపోయింది. ఆ సంగతి కొంచెంలో చెప్పేసి కథ ముందుకు పోతుంది. ఆ కొంచెం కూడా బెల్లా బిడ్డ వల్ల ప్రమాదం లేదని సాక్ష్యం చెప్పటానికే. డోలీ కట్టి కాన్పుకి మోసుకెళ్ళే ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళం మనం. పిరే దగ్గర ఇంకొంచెం సేపు ఆగుంటే బాగుండేదని నాకు అనిపించింది.

కాబట్టి అందరూ సుఖంగా ఉన్నారనే మాట నిజం కాదు. ఇక లియా సంగతి చూడండి. క్విల్యూట్ తోడేళ్ళలో ఒకే ఒక్క ఆడపిల్ల లియా. ఆమెకి శామ్ తో పెళ్ళి అనుకున్నారు. శామ్ తోడేలుగా మారాక లియా బంధువుల అమ్మాయి ఎమిలీని చూసి ఆమెకి కట్టుబడిపోయాడు. వాళ్ళ పెళ్ళికి లియానే తోడుపెళ్ళికూతురుగా ఉండమన్నారు. మధ్యలో వాళ్ళ నాన్న గుండెపోటుతో పోయాడు. తోడేళ్ళుగా ఉన్నప్పుడు ఒకరి మనసులో మాట అందరికీ వినబడుతుంది కాబట్టి ఆమె బాధ దాచుకోవటానికి కూడా చోటు లేదు. పైగా "లియా ఎప్పుడూ చిరాకు పడుతుంది" అని మగపిల్లలు విసుక్కుంటారు. నాలుగో పుస్తకంలో జేకబ్ గుంపులోకి వెళ్ళిన కాసేపే ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. ఆ పేజీలు పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చాయి. తర్వాత రచయిత్రి ఆమెని వదిలేసింది. బెల్లాకి భర్త, బిడ్డ, అందం, బలం, చావు లేని బతుకు అన్నీ వచ్చాయి. లియాకి ఏమొచ్చింది? బెల్లా కట్టాల్సిన చిట్టీ లియా పేరు మీద రాసినట్టుంది.

బైబిలు చదివే అక్కలకు ఇంకొకటి గుర్తొచ్చి ఉంటుంది. అందులో కూడా యాకోబు చెల్లెలిని కోరుకుంటాడు, లేయాని కాదు. జేకబ్, లియా అంటే ఆ పేర్లే. ఆదివాసీలకి ఈ పేర్లు ఎక్కడివి అని నాకు అనుమానం వచ్చి టీచర్ గారి సాయంతో వెతికాను. క్విల్యూట్ లు కథలో పుట్టిన వాళ్ళు కాదు, నిజంగా ఉన్నారు. లా పుష్ నిజంగా ఉంది. 1882 లో అక్కడికి వచ్చిన స్కూలు మాస్టారు పిల్లలకి సొంత పేర్లు తీసేసి బైబిలు నుంచి, అమెరికా చరిత్ర నుంచి పేర్లు పెట్టాడు. 1889 లో వాళ్ళకి ఒక చదరపు మైలు జాగా మాత్రం కేటాయించారు. ఆ సంవత్సరమే ఊరి వాళ్ళు కూలి పనికి వెళ్ళినప్పుడు ఒక వలసదారుడు ఊరు తగలబెట్టాడు. 26 ఇళ్ళు కాలిపోయాయి. పాత కొయ్యబొమ్మలు, బుట్టలు అన్నీ బూడిదయ్యాయి. సునామీ వస్తే మునిగిపోయే చోట స్కూలు ఉండేది. 2012 లో చట్టం చేసి పక్కనున్న నేషనల్ పార్కు నుంచి దాదాపు 785 ఎకరాలు ఇచ్చారు. 2022 లో ఎత్తు మీద కొత్త స్కూలు తెరిచారు. ఇవేవీ ఆ నాలుగు పుస్తకాల్లో లేవు.

తోడేళ్ళని ఒక దేవుడు మనుషులుగా మార్చాడని, తాము వాళ్ళ సంతతి అని క్విల్యూట్ ల పాత కథ. మనుషులు తోడేళ్ళుగా మారి వ్యాంపైర్లతో కొట్లాడటం రచయిత్రి కల్పన. ఈ తేడా మనకి సులువుగా తెలుస్తుంది. మన వైపు కిల్లో వాళ్ళది పులి, వంతల వాళ్ళది పాము, పాంగి వాళ్ళది గద్ద, కొర్రా వాళ్ళది సూర్యుడు. కిల్లో ఇంటి పిల్లలు కోపం వస్తే పులులై ఊరి మీద పడతారని ఎవరైనా కథ రాసి, ఆ బొమ్మల చొక్కాలు అమ్ముకుంటే మనం ఏమంటాం? రాయొద్దని నేను అనను. రాస్తే ఆ ఇంటి ఆడపిల్లకి కూడా న్యాయం చెయ్యాలి కదా అంటాను.

ఆఖరి కారణం ఇంకా ముఖ్యమైనది. జేకబ్ బాధ ఎలా తీరిందో చెప్పలేదు కదా. అప్పుడే పుట్టిన బెల్లా కూతురిని చూడగానే ఆమె తనది అని అతనికి కట్టుబడిపోవటం జరుగుతుంది. మూడో పుస్తకంలోనే క్విల్ అనే అతను రెండేళ్ళ క్లేర్ కి ఇలాగే కట్టుబడతాడు. ముందు అన్నలాగ ఉంటాడు, తర్వాత స్నేహితుడు, పెద్దయ్యాక భర్త అని చెప్పారు. ఇదంతా క్విల్యూట్ ల ఆచారం అన్నట్టు రాశారు, అది కూడా కల్పనే. "ఎంత ప్రేమో!" అని కొందరు అన్నారు. ఆ పాప కాదంటే ఏమవుతుందని నేను అడుగుతున్నాను. మన ఇళ్ళల్లో కూడా ఉయ్యాల్లో ఉండగానే "ఇది మా వాడికే" అనే మాట ఉంది. వేసవి సెలవులకి వెళ్ళి తిరిగి రాని స్నేహితుల మంచాలు మన డార్మెటరీలోనే ఉన్నాయి. వాళ్ళని కూడా ఎవరూ అడగలేదు. బెల్లాకి డార్ట్ మత్ అనే పెద్ద కాలేజీలో సీటు వచ్చింది. 18 ఏళ్ళకే పెళ్ళి చేసుకుని దాన్ని వదిలేసింది. ఆమెకి చావు లేదు కాబట్టి వందేళ్ళ తర్వాత కూడా చదువుకోవచ్చు. మనకి అలా కుదరదు. మనకి టెన్త్ ఒక్కసారే వస్తుంది.

"కథే కదా, ఎందుకింత ఆలోచన?" అంటారు. కథే. అందుకే అడుగుతున్నాను. నిజంలో ఎలాగూ మన చేతిలో లేనివి ఎన్నో ఉన్నాయి, కథ రాసే వాళ్ళ చేతిలో అన్నీ ఉంటాయి. రచయిత్రి 2020 లో ఇంకో లావు పుస్తకం రాసింది. అందులో మొదటి కథనే ఎడ్వర్డ్ వైపు నుంచి మళ్ళీ చెప్పింది. ఆ కాగితాలు లియాకి ఇచ్చి ఉంటే నేను కష్టపడి మొత్తం ఇంగ్లీషులోనే చదివేదాన్ని.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఇలాంటి పుస్తకాలు చదివితే పిల్లలు పాడవుతారని బీరువాకి తాళం వెయ్యొద్దు. చదివాం కాబట్టే ఏది బాగోలేదో తెలిసింది. స్నేహితులకు ఒక మనవి. వచ్చే నెల గోడపత్రికలో లియా కథ ఎవరికి తోచినట్టు వాళ్ళు రాయండి. లియా చదువుకోవచ్చు, ఊరు వదిలి వెళ్ళొచ్చు, వెళ్ళకపోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, మానొచ్చు. ఏదైనా ఆమెని అడిగి రాయండి. ఆ మూడో భార్యకి కూడా ఒక పేరు పెట్టండి. నాలుగో పుస్తకమే బాగుందనే వాళ్ళు కూడా కారణాలతో రాయండి, పక్కనే అంటిద్దాం.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని