ఝట్కా కోడి వద్దు, ఝట్కా చేప ముద్దా?

మొన్న ఆదివారం ఫజర్ నమాజ్ అయ్యాక నలుగురు దోస్తులం తిరువూరు నుంచి మోటార్ సైకిళ్ళ మీద వినగడప పోయాం. కట్టలేటిలో చేపల షికారు. షికారు అంటే పెద్ద మాటేలెండి. మా ముగ్గురి చేతుల్లో వెదురు కర్రలు, ఒక డబ్బాలో ఎర్రలు, అంతే. నాలుగో దోస్తు మాత్రం అమెరికా నుంచి సెలవులకొచ్చినవాడు. అతని దగ్గర అజీబ్ సామాను ఉంది. సన్నటి పొడవాటి కడ్డీ, లావుపాటి దారం, ఈకలతో కట్టిన దొంగ పురుగులు. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారట. అక్కడి నదుల్లో బాస్ అనే చేపని అతను ఇలాగే పడతాడు.

మన గాలానికి సీసపు గుండు బరువు కావాలి. ఈ ఈకల పురుగుకి బరువే ఉండదు, దారం బరువే దాన్ని మోసుకుపోతుంది. కొరడాలా వెనక్కీ ముందుకీ ఊపి, పురుగు వాలినట్టే నీటి మీద వాలనివ్వాలి. చూడ్డానికి మహా ముచ్చటగా ఉంది. కానీ పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాడట!

"వదిలేసేదానికి మూతికి ముల్లు గుచ్చడం దేనికి మియా?" అన్నాను.

"ఏట్లో చేప మిగలాలి కదా భాయ్!" అన్నాడు.

ఈ బహస్ తోనే ఎండెక్కింది. తినడానికి పడితే అది రిజ్క్. ఉత్త మజా కోసం ప్రాణిని బాధపెట్టడం నా దిల్ ఒప్పుకోదు. ప్రాణమున్నదాన్ని గురిపెట్టి ఆడుకోవద్దని ప్రవక్త (స) మందలించారు కూడా. కానీ "చేప మిగలాలి" అన్న అతని మాటకి నా దగ్గర జవాబు లేదు.

అంతలో ఒడ్డున వల ఆరేసుకుంటున్న పెద్దాయన కేకేశాడు. "సాయిబూ, అటు వెయ్యమాకు. పిల్లల తల్లి ఉంది."

దగ్గరికి పోయి చూస్తే తుంగ పక్కన నీళ్ళలో ఎర్రటి మబ్బు తునకలా ఏదో కదులుతోంది. అన్నీ కొర్రమీను పిల్లలే. తొలకరి వానలకి ఈనిన పిల్లలు కొన్నాళ్ళు అలా ఎర్రగా, గుంపుగానే తిరుగుతాయి. వాటి కింద పెద్ద చేప పహరా కాస్తుంది. దాన్ని పట్టేస్తే ఆ పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి. మేం గాలాలు తీసి ఇంకో మడుగుకి పోయాం.

గంట గడవలేదు. ఇద్దరు కుర్రాళ్ళు వీపున బ్యాటరీ, చేతుల్లో తీగలు చుట్టిన కర్రలతో అదే తుంగలోకి దిగారు. కర్రలు నీళ్ళలో పెట్టగానే పెద్ద చేప తెల్లగా తిరగబడింది. దాని చుట్టూ ఎర్ర పిల్లలన్నీ తేలాయి. పెద్దదాన్ని సంచిలో వేసుకున్నారు. పిల్లల్ని అట్లాగే వదిలేశారు. ఇదేం జుల్మ్ రా అంటే, "మేం పట్టకపోతే ఇంకొకడు పడతాడు" అని నవ్వారు. పెద్దాయన ఏమీ అనలేదు. వల మడిచి భుజాన వేసుకున్నాడు.

గుస్సా మొదట ఆ కుర్రాళ్ళ మీదే వచ్చింది. ఇంటికొచ్చాక నా మీద నాకే షర్మ్ వేసింది. అంతకు వారం ముందే "ఏటి కొర్రమీను" అంటే ఎగబడి కొన్నాను. ఎట్లా పట్టావని ఒక్క మాట అడిగానా?

కోడిని ఎవరు జబహ్ చేశారో, బిస్మిల్లా చెప్పారో లేదో నాలుగుసార్లు అడుగుతాం. ఝట్కా కోడంటే ముట్టం. చేపకి జబహ్ అక్కర్లేదు కాబట్టి అసలు ఏ సవాలూ అక్కర్లేదనుకున్నాం. కరెంటు ఝట్కా ఇచ్చిన చేపని లొట్టలేసుకుని తింటాం. నేను ఆలిమ్ ని కాను, ఫత్వా ఇవ్వడం లేదు. కానీ హలాల్ తో పాటు తయ్యిబ్ అనే మాట కూడా మనకుంది కదా! మంచిదై ఉండాలి, శుభ్రమైన దారిన రావాలి.

గరీబుల రోజీ మీద కొట్టకు భాయ్ అని కొందరంటారు. రోజీ పోతున్నది ఎవరిదండీ? వల మడిచిన ఆ పెద్దాయనది. ఆయన వల కన్నుల్లోంచి చిన్న చేప జారిపోయి వచ్చే ఏటికి పెద్దదవుతుంది. కరెంటుకి చిన్నా పెద్దా తేడా లేదు. ఒక్కోసారి కర్ర పట్టుకున్నవాడినీ వదలదు.

1897 నాటి మత్స్య చట్టమే చేపల కోసం నీళ్ళలో తోటా పేల్చడం, విషం కలపడం నేరమంది. అప్పటికి మన పల్లెల్లో కరెంటు ఊసే లేదు. తోటా చేసే పనే ఇప్పుడు బ్యాటరీ చేస్తోంది. పోలీసోళ్ళు ప్రతి మడుగు దగ్గరా కాపలా ఉండలేరు. కొనేవాళ్ళం మాత్రం ప్రతి తట్ట దగ్గరా ఉంటాం.

అందుకే ఇక నుంచి నేను ధర అడగక ముందే "వలా, గాలమా, కరెంటా?" అని అడుగుతున్నాను. అబద్ధం చెప్పొచ్చు. చెప్పనీండి. పదిమంది అడిగితే ఆ సవాలుకి బజార్లో వజన్ వస్తుంది.

ఆ రోజు మాకు దొరికినవి నాలుగు జెల్లలు. మా అమెరికా దోస్తు పురుగుకి ఒక్కటీ పడలేదు. పులుసు మాత్రం అందరికంటే ఎక్కువ అతనే తిన్నాడు.